జర్మనుభాషయు హోటలు కొలువులును

మూడు మాసములలో జర్మనుభాష నేర్పి ఆ దేశపు హోటళ్లలో కొలువు చూపెదమను ప్రకటనలు మన పట్టణములలో విరివిగా కానవచ్చుచున్నవి. వానిని నమ్మి యెకరమో రెండెకరములో తాకట్టు పెట్టుటకు సిద్ధమగు తండ్రులును లేకపోలేదు. ఈ విషయమై మా యభిప్రాయమును దాచక తెలుపుట విధియని తలంచుచున్నాము.

జర్మనీకి పనివారు కావలెననుట అబద్ధము గాదు. 2020 మార్చిలో ఆ ప్రభుత్వము నిపుణులగు విదేశీయులకొఱకు క్రొత్త చట్టమును అమలుపఱచి, 2023లో దానిని సడలించినది. 2022 డిసెంబరులో మన దేశముతో వలసలనుగూర్చి యొడంబడిక చేసికొన్నది. 2024 అక్టోబరులో మన నిపుణులకు ఏటేట నిచ్చు వీసాలను 20,000 నుండి 90,000 వఱకు పెంచెదమని ప్రకటించినది. వడ్డించువారికిని వంటవారికిని అచ్చట కొఱత యున్నది. ద్వారము తెఱచియే యున్నది. దానిని దాటు విధమును గూర్చియే మా వాదము.

హోటలు పనికి నాలుగు మర్యాదవాక్యములు వల్లించిన చాలునని మనవారి యూహ. జర్మనులు ఇరువదియైదును ‘అయిదును ఇరువదియు’ అని పలుకుదురు. సంస్కృతమున పంచవింశతి యన్నట్లే. మన పండితులకు సులభము గాని, ఇంగ్లీషు లెక్కకు అలవాటుపడిన కుఱ్ఱవాడు 52వ గది తాళపుచెవి చేతికిచ్చును! భోజనానంతరము ‘కలిపియా, విడివిడిగానా?’ అని యడిగి, ఎవరి పైకమును వారివద్ద లెక్కకట్టి పుచ్చుకొనుట అచ్చటి వాడుక. ఇవి నవ్వి పోవదగినవి. కాని 2014 డిసెంబరునుండి ఐరోపా నిబంధనము ననుసరించి, వేరుసెనగ, నువ్వులు, పాలు, గ్రుడ్లు మొదలగు 14 పదార్థములలో నేవి వంటకమునందున్నవో తెలుపవలసియున్నది. వేరుసెనగ సరిపడని యతిథి ప్రశ్నించినప్పుడు అర్థము గాక తల యూపినచో ప్రాణమునకే ముప్పు.

హోటలులో పనిచేయుచు పాఠశాలలో చదువుకొను ‘ఆవుస్‌బిల్డుంగ్’ అను శిక్షణ సాధారణముగా మూడేండ్లు. పాఠములును పరీక్షలును జర్మనుభాషలోనే. దీనికి సామాన్యముగా బి-1 అను స్థాయి కోరుదురు. ఆఱు మెట్లలో నది మూడవది. దినమునకు నాలుగు గంటలు కూర్చున్నను ఆఱుమాసములకు దిగువ నది యలవడునని మేము నమ్మజాలము.

అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. ఆ దేశపు వృత్తిశిక్షణచట్టము ప్రకారము శిక్షార్థికి నెలనెల వేతన మీయవలెను. శిక్షణకై యతనియొద్ద సొమ్ము పుచ్చుకొను షరతు చెల్లదు. మొదట ఒకటి మొదలు నాలుగు మాసములవఱకు నుండు పరీక్షాకాలములో యజమాని గడు వీయకయే పంపివేయవచ్చును. భాష రానివానిని ముందుగా పంపుట ఆ కాలముననే గదా! అప్పు మాత్రము ఇంటియొద్ద వడ్డీతో పెరుగుచుండును. మన దేశమున 1983 వలసచట్టము క్రింద నమోదైన యేజెంటు పుచ్చుకొనదగిన సేవారుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును. శిక్షణయని, పత్రములని పేరు మార్చి లక్ష లడుగువానిని లెక్క యడుగుటకు మనవారేల సంకోచింపవలెను?

పూర్వము నేటాలునకును ఫిజీకిని పోయిన మన కూలీలు తాము చదువలేని ఒప్పందములపై వ్రేలిముద్ర లుంచిరి. పట్టభద్రుడైనను చదువనేరని జర్మను కాగితముపై చేయు సంతకమునకును ఆ వ్రేలిముద్రకును మాకు భేదము కానరాదు.

నర్సుల విషయమున తెలంగాణ ప్రభుత్వపు విదేశోద్యోగసంస్థ భాష నేర్పించు పని చేపట్టినది. హోటలు పనివారికిని జిల్లా పట్టణముల కళాశాలలలో అట్టి తరగతులు పెట్టుటకు రెండు ప్రభుత్వములకును అడ్డేమి? అందాక తండ్రులు చేయదగిన పని యొకటి యున్నది. తాకట్టు పత్రము వ్రాయకమునుపు, హోటలువారి యొప్పందమును కుమారునిచే చదివించి, వేతన మెంత, పనిగంట లెన్ని, పరీక్షాకాల మెంతయో తెలుగున చెప్పించుకొనవలెను. చెప్పలేనిచో ప్రయాణమును మఱి యాఱుమాసములు నిలుపుదురుగాక.