మిషన్ స్కూలు తలుపు ఎవరి కోసం?



ఏటా వేసవిలో పాస్టర్ల దగ్గరకూ, ఫాదర్ల దగ్గరకూ తప్పకుండా వచ్చే విన్నపం ఒకటుంది. "అయ్యగారూ, మన స్కూలే కదా, మా పిల్లోనికి సీటు కోసం ఒక లెటరు రాసియ్యండి." కొన్నేళ్ల క్రితం ధర్మవరంలో మగ్గం పని చేసుకునే కుటుంబంలోని ఒక తల్లి మమ్మల్ని అలాగే అడిగింది. లెటరు రాసిచ్చాం, సీటు వచ్చింది. కానీ ఆమె ఫీజు కట్టలేకపోయింది. ఏడాది తిరగకుండానే ఆ బాబు స్కూలు మానేశాడు. లెటరుతో మా బాధ్యత తీరిందనుకున్నాం. తీరలేదని ఆ తల్లి మళ్లీ ఎదురుపడిన రోజు తెలిసింది.

ఇప్పుడు అదే ప్రశ్న దేశ అత్యున్నత న్యాయస్థానం ముందు ఉంది. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైంది. ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లను బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని అందులోని 12వ సెక్షన్ చెబుతుంది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు ఇచ్చిన హక్కును బట్టి, మన స్కూళ్లకు ఈ చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పు సరైనదేనా అని 2025 సెప్టెంబరు 1న జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ మన్మోహన్ సందేహం వ్యక్తం చేసి, దానిని పెద్ద ధర్మాసనం పరిశీలించే విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందు ఉంచారు.

సంఘాల్లో దీని గురించి భయం ఉంది. ఆ భయం అర్థం లేనిది కాదు. 30వ అధికరణం మనకు ఎవరో దయతో ఇచ్చినది కాదు, అది రాజ్యాంగ హక్కు. దానిని కోర్టులో కాపాడుకోవలసిందే. అయితే ఆ హక్కు అడ్డుపెట్టుకొని మనం ఎవరిని బయట నిలబెడుతున్నామో కూడా చూసుకోవాలి. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశంలోని మైనారిటీ స్కూళ్లలో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల పిల్లలు 8.76 శాతమే. ఆ నివేదిక ఉద్దేశంపై ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. ఆ అంకె మాత్రం మన మనస్సాక్షిని ప్రశ్నిస్తూనే ఉంటుంది.

కతోలిక సోదరుల బాలుర పాఠశాలల చరిత్ర ఈ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి సాయపడుతుంది. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ 1847లో, హైదరాబాదులో ఆల్ సెయింట్స్ 1855లో, బెంగళూరులో సెయింట్ జోసఫ్స్ 1858లో మొదలయ్యాయి. ఓడరేవు, నిజాం రాజధాని, కంటోన్మెంటు: ఈ మూడూ పట్టణాలే. యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల అవసరం వీటి పుట్టుకలో పెద్ద కారణం. బెంగళూరులో 1904 నాటికి భారతీయ విద్యార్థుల కోసం వేరే స్కూలు ఏర్పడింది. ఏ బెంచీ మీద ఎవరు కూర్చోవాలన్న సమస్య అప్పుడే ఉందన్నమాట. అయినా కాలక్రమంలో ఆ తలుపులు తెరుచుకున్నాయి. అన్ని మతాల పిల్లలూ అక్కడ చదివారు. భారత క్రికెట్ జట్టు మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ ఆల్ సెయింట్స్ విద్యార్థే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం సంగతి వేరు. ఇక్కడికి సువార్త ఆ స్కూళ్లకంటే చాలా ముందే వచ్చింది. 18వ శతాబ్దం తొలి దశకాల్లోనే ఫ్రెంచి జెస్యూట్ గురువులు కర్నాటక మిషన్ పేరున పుంగనూరు మీదుగా అనంతపురం సీమలోకి వచ్చారు. సన్యాసుల వేషంలో, శాకాహారంతో జీవించి, తెలుగు నేర్చుకొని కృష్ణాపురం, మద్దిగుబ్బ వంటి ఊళ్లలో సంఘాలు కట్టారు. కరువులు, యుద్ధాలు వచ్చాక ఇక్కడి విశ్వాస కుటుంబాలు ఎన్నో గుంటూరు సీమకు వలస వెళ్లి అక్కడి సంఘాలకు పునాది అయ్యాయి. 1773లో పోపు జెస్యూట్ సభనే రద్దు చేయడంతో ఇక్కడి మందకు కాపరులు కరువయ్యారు. విత్తనం ఇక్కడ పడింది, పంట చాలావరకు వేరే చోట కోశారు.

అనంతపురం సీమను కలుపుకొని కర్నూలు మేత్రాసనం ఏర్పడింది 1967లో. ఆ తర్వాత రెండేళ్లకు, 1969లో, స్పెయిన్ దేశపు జెస్యూట్ గురువు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం చేరుకున్నారు. తర్వాత ఆయన సభను విడిచిపెట్టారు, ఈ జిల్లాను మాత్రం 2009లో కన్నుమూసే వరకు విడవలేదు. ఆయన స్థాపించిన ఆర్.డి.టి. దళితవాడల్లో పిల్లల కోసం అదనపు బడులు నడిపింది. పట్టణంలో స్కూలు కట్టి పిల్లల్ని రమ్మనడం ఒక పద్ధతి. పిల్లవాడు ఉన్న వాడకే బడిని తీసుకెళ్లడం ఇంకో పద్ధతి. ఈ సీమకు రెండోదే ఎక్కువ మేలు చేసిందని మా అభిప్రాయం.

ఇప్పుడు రోజులు మారాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారవుతున్నాయి. హిందూపురం నుండి బెంగళూరుకు ఉద్యోగాల దారి ఉంది. ప్రతి తల్లికీ, తండ్రికీ ఇంగ్లీషు మీడియం కావాలి. సెయింట్ అనే మాటకు ఎంత గిరాకీ ఉందంటే, ఏ సంఘంతోనూ సంబంధం లేనివారు కూడా తమ స్కూళ్లకు పరిశుద్ధుల పేర్లు పెట్టుకుంటున్నారు. వారిని చూసి మనం నవ్వుకుంటాం. కానీ డొనేషన్ కట్టలేని పిల్లవాడికి వారి గేటుకూ మన గేటుకూ తేడా కనబడకపోతే, ఆ పేరు పెట్టుకునే అర్హత మనకు మాత్రం ఏముంది?

స్కూళ్లు నడిపేవారి బాధా మాకు తెలుసు. ఎయిడెడ్ పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను తనకు అప్పగించమనో, ఎయిడ్ వదులుకొమ్మనో అడిగినప్పుడు ఎంత కలవరం రేగిందో అందరికీ గుర్తే. టీచర్లకు జీతాలు ఫీజుల నుండే రావాలి. కాబట్టి నింద అంతా ఫాదర్ల మీద, సిస్టర్ల మీద, కరస్పాండెంట్ల మీద వేయడం న్యాయం కాదు. ప్రొటెస్టెంటు స్కూళ్ల పరిస్థితీ ఇంతకంటే మెరుగ్గా లేదు.

అందుకే ఇది సంఘమంతా మోయవలసిన భారం. సభలోకి వచ్చిన ధనవంతునికి మంచి స్థలం చూపి, పేదవాణ్ణి పక్కన నిలబెట్టినవారిని యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో ఎంత గట్టిగా నిలదీశాడో మనం ఎన్నోసార్లు ప్రసంగించాం. అడ్మిషన్ల రోజున స్కూలు ఆఫీసు గది కూడా అలాంటి సభే.

మా సూచనలు మూడు. ఒకటి, కోర్టు ఏం చెప్పినా చెప్పకపోయినా, ప్రతి క్రైస్తవ పాఠశాల కొన్ని సీట్లు పేద పిల్లలకు తనంతట తానే కేటాయించాలి. వద్దని ఏ చట్టమూ అనదు. రెండు, అలా ఎందరు పిల్లలు చదువుతున్నారో ఏటా వార్షికోత్సవంలో అందరి ఎదుట చదివి వినిపించాలి. పిల్లల పేర్లు అక్కర్లేదు, అంకె చాలు. మూడు, ఆ ఖర్చులో భాగం సంఘాలు, పూర్వ విద్యార్థులు పంచుకోవాలి. ఈ స్కూళ్లలో చదివి స్థిరపడినవారు రీయూనియన్ విందుకు పెట్టే డబ్బులో కొంత పక్కన పెట్టినా ఒక బాబు ఫీజు వెళ్లిపోతుంది.

ఇకమీదట ఎవరైనా లెటరు అడిగితే మేము రాసిస్తాం. దానితోపాటు ఆ ఏడాది ఫీజు ఎక్కడి నుండి వస్తుందో కూడా మా సంఘ పెద్దలతో కూర్చొని తేల్చుకుంటాం. మీ సంఘాల్లోనూ ఈ మాట ఎత్తండి. స్కూళ్లు తెరిచే జూన్ దాకా ఆగవద్దు.