శిక్షణ హెలికాప్టర్‌లో సాక్షి ఉండాలి

2015 ఫిబ్రవరి 19న న్యూజిలాండ్‌లోని క్వీన్స్‌టౌన్ సమీపాన, లోకీ నది దగ్గర రాబిన్సన్ ఆర్44 శిక్షణ హెలికాప్టర్ ఒకటి గాలిలోనే ముక్కలై కూలింది. శిక్షకుడు, విద్యార్థి ఇద్దరూ మరణించారు. ఆ దేశ రవాణా ప్రమాదాల విచారణ సంఘం ‘మాస్ట్ బంపింగ్’ జరిగిందని తేల్చింది. అది ఎందుకు మొదలైందన్నది మాత్రం తేలలేదు. చెప్పగలిగిన ఇద్దరూ లేరు, చెప్పగలిగే యంత్రం అందులో లేదు.

రాబిన్సన్ హెలికాప్టర్ల రోటర్‌కు రెండే రెక్కలు. త్రాసు కాడలా ఒకటి లేస్తే రెండోది వాలుతుంది. హెలికాప్టర్ బరువు రోటర్‌కు వేలాడుతున్నంతసేపే పైలట్ చేతి కదలికకు బాడీ లోబడుతుంది. స్టిక్‌ను ఒక్కసారిగా ముందుకు తోసినా, గాలి కుదుపు తగిలినా ఆ బరువు క్షణకాలం తేలిపోతుంది. అప్పుడు తోక రోటర్ తోపుకు హెలికాప్టర్ కుడికి ఒరుగుతుంది. ఎవరి చేయి అయినా సహజంగా స్టిక్‌ను ఎడమకే లాగుతుంది. ప్రాణం తీసేది ఆ సహజత్వమే. రోటర్ మాత్రమే వంగి, దాని హబ్ ఇరుసుకు కొట్టుకుంటుంది. మాస్ట్ బంపింగ్ అంటే ఇదే. రెక్క క్యాబిన్‌నో తోకనో నరికేస్తుంది. ముందు స్టిక్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి రోటర్‌పై బరువు నిలపాలి, ఒరుగును ఆ తర్వాతే సరిచేయాలి. కొత్త విద్యార్థి ఆ క్రమాన్ని గుర్తు తెచ్చుకునేంత వ్యవధి అక్కడ ఉండదు.

1992 జూన్ 29న అమెరికాలో, కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ వద్ద రాబిన్సన్ ఆర్22 శిక్షణ హెలికాప్టర్ కూలి శిక్షకుడు, విద్యార్థి మరణించారు. పాఠం మళ్లీ వినడానికి విద్యార్థి వెంట తెచ్చుకున్న చిన్న టేప్ రికార్డరే దర్యాప్తుకు ఆధారమైంది. మామూలుగా సాగుతున్న పాఠం ఉన్నట్టుండి తెగిపోయింది. ముందస్తు హెచ్చరిక ఏదీ వినిపించలేదు. విద్యార్థి ముందుచూపు చేసిన పనిని నిబంధనలు అప్పటికి చేయలేదు. 1995లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆర్22, ఆర్44 పైలట్లకు ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేసింది. ఆర్22లో ఒంటరిగా ఎగరాలంటే ముందు శిక్షకుడితో 20 గంటలు పూర్తి చేయాలంది. మంచి నిబంధనే. కానీ పై రెండు ప్రమాదాల్లోనూ పక్కన శిక్షకుడు ఉన్నాడు.

ఫ్లైట్ రికార్డర్ల నిబంధనలు ప్రధానంగా హెలికాప్టర్ బరువును చూస్తాయి. ఆర్22 గరిష్ఠ బరువు 622 కిలోలే కాబట్టి దానికి మినహాయింపు. ఈ లెక్క తప్పు. నేర్చుకునేవారు, తప్పులు చేయడం సహజమైనవారు ఎగిరేది ఈ తేలికపాటి యంత్రాల్లోనే. ప్రతి శిక్షణ హెలికాప్టర్‌లోనూ కాక్‌పిట్ దృశ్యం, ధ్వని నమోదు చేసే పరికరాన్ని చట్టం తప్పనిసరి చేయాలి. పాతవాటికి మినహాయింపు ఇవ్వరాదు. ఖర్చు సాకు నిలవదు: వీడియో, ధ్వని నమోదు చేసే కెమెరా ఈ రోజుల్లో అరుదైన వస్తువు కాదు, హెలికాప్టర్ ధరతో పోలిస్తే దాని ఖర్చు నామమాత్రం.

శిక్షకుల అభ్యంతరం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. ప్రతి మాటా రికార్డవుతుంటే యాజమాన్యం దాన్ని క్రమశిక్షణ చర్యకు వాడుకోవచ్చు. అందుకే ఆ రికార్డును ప్రమాద దర్యాప్తుకు తప్ప మరి దేనికీ వాడరాదని అదే చట్టంలో రాయాలి. ఇది మనకూ సంబంధించినదే: విదేశీ శిక్షణ సంస్థల్లో తెలుగు విద్యార్థులూ చేరుతున్నారు. ఫీజు, గంటల లెక్కతో పాటు హెలికాప్టర్‌లో రికార్డర్ ఉందా అని కూడా తల్లిదండ్రులు అడగాలి. భారత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ కూడా ఇక్కడి శిక్షణ సంస్థలకు ఇదే షరతు పెట్టాలి.