టేపులో అమ్మ తిట్లు

మా చిన్నాడు గది తలుపేసుకుని గిటారు వాయిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఉద్యోగం సద్యోగం లేకుండా ఈ టింగుటింగులేమిట్రా" అని మొన్న కూడా కేకలేశాను. వాడేం మాట్లాడలేదు. సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వంటింట్లోకొచ్చి, "అమ్మా, ఇది విను" అంటూ ఫోను గట్టు మీద పెట్టాడు.

పాటా అది! పియానో, వెనకాల బరబరమని చప్పుడు, సన్నటి వణుకు గొంతు. మన పాత టేప్ రికార్డర్లో అరిగిపోయిన క్యాసెట్ గుర్తొచ్చింది. ఆపేయమందామనుకునేలోగా ఎవరో ఆవిడ తిట్లు లంకించుకుంది. పాటల ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది కానీ ఆ తిట్లు మాత్రం పూర్తిగా అర్థమయ్యాయి. "ఎవర్రా ఆవిడ?" అన్నాను. "వాళ్ళమ్మ" అన్నాడు.

పాడింది డేనియల్ జాన్‌స్టన్ అట. అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలో, అమ్మానాన్నల ఇంటి నేలమాళిగలో కూర్చుని చవకరకం క్యాసెట్ రికార్డరు ముందు పెట్టుకుని పాడుకున్నాడు. 'సాంగ్స్ ఆఫ్ పెయిన్' అని పేరు పెట్టి 1981లో తనే క్యాసెట్ చేశాడు. అప్పటికి ఇరవయ్యేళ్ళవాడు. ఇష్టపడ్డ అమ్మాయి దక్కలేదు, ఆ బాధంతా పాటల్లో పెట్టుకున్నాడు. స్టూడియో లేదు, వాద్యగాళ్ళు లేరు. గొంతు జీరబోతే పోయింది, అలాగే ఉంచేశాడు. అమ్మ తిట్లు కూడా తీసెయ్యలేదు. మొదట్లో క్యాసెట్ కాపీ తీసే వీల్లేక, అడిగినవాళ్ళకి పాటలన్నీ మళ్ళీ మొదట్నుంచీ పాడి ఇచ్చేవాడట! ఒక్క వాయి జంతికలు మాడితేనే మనం ఎంత విసుక్కుంటాం?

తర్వాత టెక్సాస్‌లో ఆస్టిన్ చేరి, హాంబర్గర్ల కొట్లో పనిచేస్తూ క్యాసెట్లు పంచాడు. 1983 నాటి 'హాయ్, హౌ ఆర్ యు' క్యాసెట్ మీద తనే గీసిన కప్ప బొమ్మ ఉంటుంది. 1992లో కర్ట్ కొబేన్ అనే పెద్ద రాక్ గాయకుడు ఆ బొమ్మ చొక్కా తొడుక్కుని టీవీలో కనబడ్డాక పేరు లోకమంతా తెలిసింది. కానీ అప్పటికే మనసు జబ్బుతో ఆస్పత్రుల పాలయ్యాడు, పాపం.

నన్ను పట్టుకున్నది అదీ కాదు. అలా తిట్టిన తల్లే ముసలితనంలో, భర్తతో కలిసి, నడివయసు కొడుకుని ఇంట్లో పెట్టుకుని సాకింది. 2005లో అతని మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఆ పెద్దవాళ్ళిద్దరూ కనిపిస్తారు. 2019లో 58 ఏళ్ళకి అతనూ పోయాడు. ఆవిడ ఏళ్ళ తరబడి వండిపెట్టింది ఏ టేపుకీ ఎక్కదు కదా. ఒక పూట తిట్లు మాత్రం నలభై ఏళ్ళు దాటాక నా వంటింట్లో వినిపించాయి.

రాత్రి అన్నం వడ్డిస్తూ "ఎలా ఉన్నావురా?" అనడిగాను. "బాగానే ఉన్నానమ్మా" అన్నాడు తలెత్తకుండా. ఆ 'బాగానే' నాకు నచ్చలేదు. ఆదివారం వాళ్ళ నాన్నగారు ఊళ్ళో ఉండరు. అప్పుడు మళ్ళీ అడుగుతాను.