గడప దాటడమే స్వేచ్ఛా?

"లగ్గం చేసి పంపితే ఎవ్వరడగరు మేడం. ఏడాదిన్నర దేవుని పనికి పంపుతనంటే మాత్రం ఊరంత అడుగుతున్నరు."

ఇబ్రహీంపట్నం మండలం బొంగులూరులో మహిళా సంఘం సమావేశం ముగిశాక ఒక తల్లి నాతో అన్న మాట ఇది. హైదరాబాదులోని మార్మన్ చర్చికి వెళ్ళే కుటుంబం వాళ్ళది. డిగ్రీ పూర్తిచేసిన కూతురు మిషనరీగా వెళ్తానంటోంది. "ఆడోళ్ళ హక్కులు చెప్తరు గదా, పంపమంటరా వద్దంటరా?" అని నిలదీసింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మతం పేరెత్తగానే మనలో చాలామంది దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. 'పిల్లను మభ్యపెట్టారు' అనేది ఒకటి, 'అది ఆమె ఇష్టం' అనేది రెండోది. ఆ పిల్ల రోజు ఎలా గడుస్తుందో చూడకుండా చెప్పే జవాబులే రెండూ.

1830లో అమెరికాలో పుట్టిన ఈ చర్చి తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1978 డిసెంబరులో ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. వారి బంధువర్గంలోనే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. స్థానిక సంఘాలన్నిటినీ కలిపే 'స్టేక్' దేశంలో మొదటిసారి ఏర్పడింది కూడా హైదరాబాదులోనే, 2012లో.

మిషనరీగా అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలు పద్దెనిమిది నెలలు పనిచేస్తారు. అమ్మాయిల కనీస వయసును 2012లో 21 నుంచి 19కి, 2025లో 18కి తగ్గించారు. ఏ ఊరికి వెళ్ళాలో చర్చి పెద్దలే నిర్ణయిస్తారు. సాధారణంగా పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. మధ్యలో ప్రార్థన, చదువు, మనుషుల్ని కలవడం, బోధించడం. జీతం ఉండదు. ఖర్చు వీలైనంతవరకు తామో తమ కుటుంబమో భరించాలి. ప్రేమ వ్యవహారాలు నిషిద్ధం. ఎప్పుడూ పక్కన మరో మిషనరీ అమ్మాయి ఉండాలి, ఆమె ఎవరో తాను ఎంచుకోలేదు. అమ్మానాన్నలతో వారానికోసారి ఫోనులో మాట్లాడే వీలు 2019 ఫిబ్రవరిలోగాని రాలేదు. స్త్రీలు ప్యాంటు వేసుకోవడానికి అనుమతి 2018 డిసెంబరులో వచ్చింది.

ఈ జీవితంలో పొందేది ఏమీ లేదనడం అన్యాయం. ఇబ్రహీంపట్నం బస్సెక్కడానికి కూడా అన్నకు సంజాయిషీ చెప్పుకునే పిల్ల, కొత్త ఊళ్ళో వేరే భాష మాట్లాడే అమ్మాయితో గది పంచుకుంటుంది. వండుకుంటుంది, ఉతుక్కుంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడుతుంది. 'అవసరం లేదమ్మా' అనిపించుకుని మర్నాడు మళ్ళీ బయల్దేరుతుంది. మన పిల్లలకు ఈ అనుభవాన్ని పెళ్ళి ఇవ్వదు. కానీ ఇంటి నిఘా పోయిన చోట తోటి మిషనరీ కళ్ళు, మిషన్ అధ్యక్షుడి నియమాలు వచ్చి చేరుతున్నాయి. ఆ అధ్యక్షుడు మళ్ళీ పురుషుడే.

శ్రమ విభజన ఇంకా స్పష్టం. నెలల తరబడి బోధించి ఒక మనిషిని నీళ్ళదాకా తీసుకొచ్చేది ఆమె. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చే అధికారం మాత్రం ఆమెకు లేదు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఉంది. యాజకత్వం పురుషులకే పరిమితం. ఆఫ్రికన్ సంతతి పురుషులకు కూడా ఒకప్పుడు అది లేదు. 1978 జూన్‌లో ఆ నిషేధం ఎత్తేశారు. దైవాజ్ఞ అన్న నియమం మారగలదని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. అయినా స్త్రీలకూ యాజకత్వం ఇవ్వాలని ఉద్యమం నడిపిన కేట్ కెల్లీని 2014లో చర్చి నుంచి వెలివేశారు.

ఇది మార్మన్ల గొడవ అనుకుని ఊరుకుందామా? బాప్టిస్టు, లూథరన్ మిషన్లలో ఊరూరా తిరిగిన మన తెలుగు బైబిలు స్త్రీలదీ ఇదే కథ. వాళ్ళూ బోధించారు, పాస్టర్లు మాత్రం కాలేకపోయారు. మరి మన స్వచ్ఛంద సంస్థల్లో? గౌరవవేతనం పేరిట చాలీచాలని డబ్బిచ్చి పల్లెలకు పంపే ఫీల్డ్ వర్కర్లు ఎవరు? ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను కూడగట్టేది ఆ పిల్లలే. నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర ఎంతమందికి కుర్చీ వేశాం?

చివరికి ఆ తల్లికి 'పంపు' అనీ చెప్పలేదు, 'వద్దు' అనీ చెప్పలేదు. కొన్ని ప్రశ్నలు అడగమన్నాను. పిల్ల నడుమన తిరిగొస్తానంటే రానిస్తారా? దారి ఖర్చు ఎవరిది? కష్టం వస్తే చెప్పుకోవడానికి అధికారం ఉన్న స్త్రీ ఎవరైనా ఉన్నారా? గుర్తింపు పత్రాలు ఎవరి దగ్గర ఉంటాయి? అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో వచ్చేస్తే 'ఎందుకొచ్చావు' అనకుండా నువ్వు తలుపు తీస్తావా?

ఆమె కాసేపు ఊరుకుని, "లగ్గానికి గూడ ఇవే అడగాలె గదా మేడం" అంది.

అడగాలి. పెళ్ళిలోనే కాదు, చర్చిలోనూ, మన సంస్థల్లోనూ అడగాలి. గడప దాటే హక్కు కోసం ఇన్నేళ్ళు కొట్లాడాం. తలవంచుకోకుండా తిరిగొచ్చే హక్కు కూడా చేతికొస్తేనే అది పూర్తి హక్కు అవుతుంది.