పది సంచులు, మూడెకరాలు



మిద్దెతోటల మీద రాయమని ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అడిగారు. అందులో ఒక తమ్ముడు, "అన్నా, అది అపార్ట్‌మెంటోళ్ళ సరదా కదా, మనకెందుకు?" అన్నాడు.

కుండీలో కూర పెంచడం అపార్ట్‌మెంటోళ్ళు కనిపెట్టింది కాదు తమ్ముడూ. ఇంటి ముందు జానెడు జాగా లేని వాడలో పగిలిన కుండలో బచ్చలి, నూనె డబ్బాలో పచ్చిమిర్చి, చిల్లుపడ్డ తట్టలో కొత్తిమీర ఎప్పటినుంచో ఉన్నాయి. బచ్చలి తీగ ఇంటి కప్పెక్కేది. దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు, తోట అని పిలవలేదు, అంతే.

అయితే వాడకు కూర ఎక్కువగా వచ్చింది కుండల నుంచి కాదు, కలుపు నుంచి. దొరల చేలల్లో కలుపుకు పోయిన మన అమ్మలు సాయంత్రం కొంగులో గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, గునుగు తెచ్చేవాళ్ళు. కొననక్కర్లేదు, అడుక్కోనక్కర్లేదు. తర్వాత చేలల్లోకి కలుపుమందు వచ్చింది. ఆడవాళ్ళకు కూలీ పోయింది, కూర కూడా పోయింది. పోయిన కూలీ గురించి మన సభల్లో కొంతైనా మాట్లాడాం. పోయిన కూర గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు మాట్లాడారు. పాత పంటల జాతర చేసి, విత్తనాలు దాచి, విత్తకుండా మొలిచే ఈ ఆకుకూరలు కూడా తిండేనని గట్టిగా చెప్పారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది.

అందుకే నా మాట: మీ రూమ్ కిటికీ దగ్గర కుండీ పెడితే ముందు ఆ కలుపుకూరలే పెట్టండి. గంగవాయిలి కాడ ఒకటి తుంచి మట్టిలో గుచ్చితే చాలు, నాలుగు వేళ్ళ లోతు మట్టిలోనే పాకుతుంది, నీళ్ళు మరిచిపోయినా రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. పొన్నగంటి కూడా కాడతోనే వస్తుంది, దానికి మాత్రం తడి ఆరకూడదు. కాడలు మురుగు కాలువ పక్క నుంచి తేకండి. మెంతులు చల్లితే మూడు వారాల్లో కోతకొస్తాయి. ధనియాలు రెండు బద్దలుగా నలిపి చల్లాలి. పాత పెయింటు బకెట్టైనా సరే, బాగా కడిగి అడుగున నాలుగు బొక్కలు పెట్టండి. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. మట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమానంగా కలిపితే బరువూ తగ్గుతుంది, తడీ నిలుస్తుంది. ఆకుకూరకు రోజూ నాలుగైదు గంటల ఎండ కావాలి.

ఆ ఎండ ఎవరిది అన్నది అసలు పేచీ. పట్నంలో ఎండ మిద్దె మీద ఉంటుంది, మిద్దె ఓనరుది. ఇల్లు అద్దెకివ్వడానికే "మీరేమిట్లు?" అని అడిగేవాడు మిద్దె మీద మన కుండీ పెట్టనిస్తాడా? ఉద్యానశాఖ సగం సబ్సిడీతో మిద్దెతోట కిట్లు ఇచ్చినప్పుడు కూడా అది మిద్దె ఉన్నవాడికే ఎక్కువగా పనికొచ్చింది.

ఇంకో ప్రమాదం ఉంది. ఎస్సీ కాలనీకి పది గ్రో బ్యాగులు పంచి దాన్ని "జీవనోపాధి" అని ఫ్లెక్సీ కట్టే సంస్థలు తయారయ్యాయి. లెక్క వేద్దాం. పన్నెండు అంగుళాల సంచులు పది పెడితే పట్టే చోటు సుమారు 10 చదరపు అడుగులు. వారంలో రెండు పూటల ఆకుకూర వస్తుందేమో. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. 2014 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం భూమిలేని దళిత కుటుంబానికి ఇస్తామన్నది మూడెకరాలు. అది కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది. 2011 జనగణనలో దేశంలో మనం 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో మన చేతిలోని సాగుభూమి 9 శాతం లోపే. సంచి తీసుకోండి, వద్దనను. సంచి అందుకున్నామని సంతకం పెట్టించుకుంటారు కదా, అదే రోజు భూమి దరఖాస్తు కూడా వాళ్ళ చేతిలో పెట్టండి.

సంక్షేమ హాస్టళ్ళ సంగతి వేరు. అక్కడ మిద్దె మనదే, చాలాచోట్ల ఖాళీగా ఎండుతోంది. కూరగాయలు కడిగిన నీళ్ళు రోజూ కాలువలో పోతున్నాయి. మెస్ సాంబారులోకి నాలుగు ఆకులు అక్కడే పండించొచ్చు. షరతు ఒకటే: తోట పనికి మనిషిని జీతమిచ్చి పెట్టాలి. ఇష్టమున్న పిల్లలు సాయంత్రం వచ్చి నేర్చుకుంటారు. "శ్రమదానం" పేరుతో మన పిల్లల చేతికి మళ్ళీ పారా ఇస్తామంటే ఊరుకోం. వార్డెన్‌కు వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఈ షరతు మొదటి వాక్యంలోనే రాయండి.

వచ్చే వారం అసైన్డ్ భూముల మీద. ఆ భూములు అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం ఉంది. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ తాత పేరున పట్టా ఉందా, ఉంటే ఇప్పుడు ఆ చేను ఎవరు దున్నుతున్నారు అని అడిగి రండి. వచ్చేటప్పుడు రెండు గంగవాయిలి కాడలు కూడా తెచ్చుకోండి.