పీకింది డబ్బనా, పక్కోని ఊపిరినా?

మొన్న హన్మకొండ చౌరస్తా కాడ ఒక డీజిల్ కారు నల్లపొగ ఇడ్సుకుంట పోయింది. "పికప్ పెంచినం అన్నా" అని సంబురంగ జెప్పిండు పోరడు. పెంచుడు పేరు మీద పీకింది మసిని పట్టే ఫిల్టర్‌ను.

తమ్మీ, 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు బీఎస్-6 రూలు. డీజిల్‌కు ఫిల్టర్, పెట్రోల్‌కు కెటలిటిక్ కన్వర్టర్ అందుకే పెట్టిండ్రు. కన్వర్టర్ల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటయ్. పీకిన డబ్బ ఎవల చేతిల ఉన్నదో ఎప్పుడన్న అడిగినవా?

మోటారు వాహనాల చట్టం కింద గిసొంటి మార్పుకు ఓనరుకు ఆరు నెలల దాక జైలు, లేకుంటే ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, రెండూ పడొచ్చు. పొల్యూషన్ పరీక్షేమో పొగను కొలుస్తది గని, డబ్బ ఉన్నదా అని సూడది. గీ సందుల్నే దందా నడుస్తది.

2015ల ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోని పొగ లెక్క దాసి అమెరికాల దొరికింది. వాళ్లు సాఫ్ట్‌వేర్‌తోని జేసింది మనం పానాతోని జేస్తున్నం.

అద్దాలెక్కిచ్చి ఏసీల కూసున్నోనికి పొగ తాకది. రోడ్డు మీద కూరగాయలమ్మే అవ్వ పీలుస్తది. ఆమె మీ ఊరి నుంచి వచ్చిందే కావొచ్చు.