పాత ట్రాక్టరు కొంటున్నారా? ఆర్.సి. చూడండి

ఉద్దానం కొబ్బరి, జీడితోటల్లో చెట్ల మధ్య తిరగడానికి మినీ ట్రాక్టరే వీలు. కొత్తది కొనలేనివాళ్లు పాతదైనా చాలనుకుంటారు. ఇంజను, టైర్లు, రోటవేటరు తిప్పే పీటీఓ మగవాళ్లు చూస్తారు, సరే. ఆర్.సి. మాటేమిటి?

కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో మహిళా రైతుకి 50 శాతం దాకా రాయితీ ఉంది. అందుకని కొన్ని ఇళ్లలో బండి ఇంటావిడ పేరిట వస్తుంది. అమ్మకం కబురు మాత్రం ఆవిడకి ఆఖర్న తెలుస్తుంది! పేరు మారకముందే ఆ బండి ఎవరినైనా గుద్దితే, బీమా కూడా లేకపోతే, పరిహారం రికార్డుల్లో ఉన్న యజమాని నెత్తినే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ యజమాని మీరే కావచ్చు.

అమ్మితే 14 రోజుల్లోగా ఆర్టీఓకి తెలపాలి. కొనేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పుంటే ఫైనాన్సు వాళ్ల ఫారం 35 చేతికొచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వండి.